పాత వెండి మీద ఈ చిన్న చిన్న ముద్రలు ఎవరివి? కరిగించే ముందు తెలుసుకోవాలి

సత్యవతి_కాకినాడ
అమ్మమ్మ వాళ్ల ఇల్లు అమ్మేశారు. సామాను పంపకాల్లో నా వాటాకి ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో ఆరు పెద్ద చెంచాలు, ఒక టీ పాట్, ఒక పెద్ద ట్రే ఉన్నాయి. ముత్తాతగారు కాకినాడ రేవులో దొరల కంపెనీలో గుమాస్తాగా చేసేవారట, వాళ్లు సీమకి, అంటే ఇంగ్లండుకి, వెళ్లిపోతూ ఇచ్చి వెళ్లారని ఇంట్లో చెప్పుకుంటారు. ఒక వెండి కొట్టుకి తీసుకెళ్తే ఆయన వెనక్కి తిప్పి కూడా చూడకుండా "పాత సరుకు, కరిగిస్తే ఎంతొస్తే అంత, నలభై శాతం పోతుంది" అన్నాడు. నలభై శాతమా! మా ఆయనేమో ఇచ్చేసి కొత్త కంచం తీసుకుందాం అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు.
చెంచాల కాడ వెనకాల వరసగా ఐదు చిన్న ముద్రలున్నాయి. నడుస్తున్న ఒక జంతువు, ఒక పిల్లి మొహం, ఏదో అక్షరం, ఒక ఆడమనిషి తల, ఇంకోటి ఇంగ్లిష్ పొడి అక్షరాలు. టీ పాట్ అడుగున ఏదో పేరు ఉంది, సగం అరిగిపోయింది. ట్రే వెనక నాలుగు ముద్రలు. ఇవి ఎవరు చేసినవో, ఎప్పటివో కనుక్కునే దారి ఉందా? ఫోటోలు పెట్టాను గానీ సరిగ్గా రాలేదు.

పాతసామాను_ప్రేమి
ముందు ఆ పెట్టె మూసి బీరువాలో పెట్టండి. మీవారికి కంచం వేరే కొనిపెట్టండి. కరిగించాక ఎంత ఏడ్చినా ముద్ర తిరిగి రాదు.

నెల్లూరు_నాని
పిల్లి మొహం అయితే మా ఇంట్లో పాలగ్లాసు మీద కూడా వేయించాలి, ఎవరిదో తెలిసిపోతుంది.

లెన్స్_రాజు
సత్యవతి గారూ, ఫ్లాష్ వేసి తీశారు, అందుకే ముద్రలన్నీ తెల్లగా వెలిగిపోయాయి. ఫ్లాష్ ఆపేసి, గది కాస్త చీకటి చేసి, ఇంకో ఫోను టార్చి చెంచాకి దాదాపు ఆనుకునేంత దగ్గరగా పక్క నుంచి వేయండి. వెలుగు అడ్డంగా పడితే గుంటల్లో నీడ నిలబడి గీత గీతా కనిపిస్తుంది. ముద్ర మీద నోటితో ఆవిరి ఊది వెంటనే క్లిక్ చేసినా బాగా వస్తుంది. వాచీలు బాగుచేసేవాళ్లు వాడే 10 రెట్ల భూతద్దం దొరికితే ఇంకా మంచిది. అరిగిపోయిన టీ పాట్ పేరుకి ఇంకో ఉపాయం ఉంది: కొవ్వొత్తి పొగ కాస్త ముద్రకి పట్టించి, చల్లారాక సెల్లోటేపు నొక్కి తీసి తెల్ల కాగితం మీద అంటించండి. కంటికి కనపడనిది కాగితం మీద కనపడుతుంది.

కంసాలి_మనవడు
ఇంకో మాట. ఫోటో కోసమని చింతపండు, ఉప్పు, పీచు పట్టుకుని తోమొద్దు. విభూది కూడా వద్దు. ముద్రలు అరిగేది వాడకం వల్ల కంటే తోమడం వల్లే ఎక్కువ. కుంకుడు రసమో, చేతులు కడుక్కునే సబ్బు నీళ్లో చాలు, మెత్తటి పాత నూలు గుడ్డతో తుడవండి. గుంటల్లో నల్లగా ఉన్నది అలాగే ఉంచండి, ఆ నలుపు వల్లే ముద్ర చదవగలుగుతాం.

హైదరాబాదీ_72
నాకు అర్థం కానిది ఒకటి. బీఐఎస్ హాల్‌మార్క్, అంటే మన ప్రభుత్వ స్వచ్ఛత ముద్ర, లేని వెండికి ముద్ర ఉంటే ఎంత, లేకపోతే ఎంత? కొట్టువాడికి కావలసింది శాతం. సింహం బొమ్మ చూసి ఎవడూ పైసా ఎక్కువ ఇవ్వడు.

బర్మింగ్‌హామ్_బాబాయి
హైదరాబాదీ గారూ, మన బీఐఎస్ వెండికి హాల్‌మార్కింగ్ మొదలుపెట్టిందే 2005లో. ఇప్పటికీ వెండికి అది తప్పనిసరి కాదు, ఇష్టమైతేనే. దానికంటే ముందు చేసినవాటిని ఆ లెక్కతో కొలిస్తే దేశంలో పాత వెండి అంతా పనికిరానిదే అవుతుంది. సత్యవతి గారు చెప్పిన ఆ నడిచే జంతువు సింహమే, అది కూడా శాతమే చెబుతుంది. ఎడమ వైపుకి నడుస్తూ ముందు కాలు ఎత్తిన సింహం ఇంగ్లండులో 1544 నుంచి ఉంది, అది ఉందంటే స్టెర్లింగ్ వెండి, అంటే వెయ్యికి 925 పాళ్లు. చేసినవాడు తనంతట తాను వేసుకునే ముద్ర కాదది. పరీక్ష చేసే ఆఫీసు కొంచెం వెండి గీకి చూసి, సరిపోతేనే వేసేది.
సత్యవతి గారు చెప్పిన ఐదు ముద్రలూ ఇంగ్లిష్ వరస లాగే ఉన్నాయి. ఆ "పిల్లి" చిరుతపులి తల అయ్యుండాలి, అంటే లండన్ ఆఫీసు. ఆమె ఒక పని చేయాలి: ఆ తల మీద కిరీటం ఉందా లేదా చూడాలి.

సత్యవతి_కాకినాడ
రాజు గారూ, టార్చి పక్క నుంచి వేస్తే అద్భుతంగా వచ్చాయి! కొత్త ఫోటోలు పెట్టాను. కిరీటం లేదండీ, బోడి తలే. ఆడమనిషి ఎడమ వైపు చూస్తోంది, జుట్టు వెనక్కి ముడి. పొడి అక్షరాలు "జీ", "ఏ", మధ్యలో చుక్క. అక్షరం మాత్రం అర్థం కావట్లేదు, "కె" లాగా ఉంది గానీ ముళ్లు ముళ్లుగా ఉంది.

పాతసామాను_ప్రేమి
ఆడమనిషి అంటే విక్టోరియా రాణి. అంటే 1901 లోపు.

బర్మింగ్‌హామ్_బాబాయి
ప్రేమి గారూ, ఇంకా దగ్గరికి రావచ్చు. ఆ తల రాణి మీద గౌరవంతో వేసింది కాదు, పన్ను కట్టినట్టు రసీదు. 1784 డిసెంబరులో మొదలైంది, 1890లో వెండి మీద పన్ను ఎత్తేయడంతో ఆగిపోయింది. కాబట్టి విక్టోరియా తల ఉందంటే సుమారు 1838 నుంచి 1890 లోపు. చిరుతకి కిరీటం 1821లో తీసేశారు, అది కూడా సరిపోయింది.
ఇక అక్షరం. అది సంవత్సరం. లండన్‌లో 1478 నుంచి ఏటా అక్షరం మారుస్తూ వచ్చారు. మొత్తం 20 అక్షరాల చుట్టు, "జె" వాడరు, "యు"తో ఆగుతుంది. ఒక చుట్టు అయిపోగానే రాత తీరు, చుట్టూ ఉండే డాలు ఆకారం మారుస్తారు. అందుకే "కె" అని ఒక్కటే తెలిస్తే చాలదు, ఎలాంటి "కె" అన్నది ముఖ్యం. బండి నంబరు ప్లేటు చదివినట్టు గబగబా చదివేస్తే ఇక్కడే ఇరవై ఏళ్లు, నలభై ఏళ్లు తేడా వస్తుంది. మీ ఫోటోలో ఉన్నది పాత గోతిక్ రాత, చిన్న బడి అక్షరం. విక్టోరియా కాలంలో లండన్‌లో చిన్న గోతిక్ చుట్టు 1856లో "ఏ"తో మొదలైంది. జె వదిలేసి లెక్కపెట్టుకోండి.

నెల్లూరు_నాని
ఏ 56, బీ 57, సీ 58, డీ 59, ఈ 60, ఎఫ్ 61, జీ 62, హెచ్ 63, ఐ 64, కె 65. 1865! గురజాడ అప్పారావు గారు పుట్టి మూడేళ్లు!

బర్మింగ్‌హామ్_బాబాయి
సరిగ్గా చెప్పావు నానీ. ఇంకా ఖచ్చితంగా అంటే 1865 మే చివర నుంచి 1866 మే చివర దాకా. లండన్‌లో అప్పట్లో అక్షరం మార్చేది మే 29న, జనవరి ఒకటిన కాదు.
జీ.ఏ. అంటే జార్జ్ ఆడమ్స్. చానర్ అండ్ కంపెనీ అని లండన్‌లో చెంచాలు, ఫోర్కులకి పెట్టింది పేరు. చానర్ వాళ్ల ఇంటి అల్లుడు ఆయన, 1840లో తన ముద్ర నమోదు చేయించాడు. విక్టోరియా కాలపు మంచి చెంచాల్లో ఈ ముద్ర తరచుగా కనిపిస్తుంది.

సత్యవతి_కాకినాడ
చేతులు వణుకుతున్నాయి. మా ముత్తాత కూడా పుట్టి ఉండరు 1865కి.

గీటురాయి
అంత తొందరగా సంబరపడొద్దు మేడమ్. ముద్రలు దొంగవి కూడా ఉంటాయి. అసలు చెంచా నుంచి అచ్చు తీసి పోత పోసేస్తారు, ముద్రలతో సహా వచ్చేస్తాయి. ఆరు చెంచాలు పక్కపక్కన పెట్టి ముద్రలు పోల్చండి. నిజంగా సుత్తితో కొట్టిన ముద్ర ఒక్కో చెంచా మీద ఒక్కో చోట, ఒక్కో వాలుగా పడుతుంది. ఆరింటి మీదా ముద్రల మధ్య దూరం, వంపు, పక్కన ఉన్న గీత కూడా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించాలి. పోత ముద్ర అంచులు మెత్తగా ఉంటాయి, గుంట అడుగున సన్నటి గింజ గింజలు కనిపిస్తాయి.

సత్యవతి_కాకినాడ
చూశాను. ఒక చెంచా మీద సింహం కొంచెం తలకిందులుగా వాలింది, ఇంకోదాని మీద రాణి తల సగమే పడింది. నాలుగింటి మీద జీ.ఏ. వరసకి కాస్త దూరంగా ఉంది.

గీటురాయి
అయితే మంచి సంకేతమే. పని చేసేవాడు తన ముద్ర ముందు తన కొట్లో వేసి తర్వాత ఆఫీసుకి పంపేవాడు, అందుకే అది విడిగా ఉంటుంది. ఇంట్లోనే ఇంకో పరీక్ష చేసుకోండి, గీటురాయి మీద గీకనక్కర్లేదు, యాసిడ్ అసలు వద్దు. 0.1 గ్రాము దాకా చూపించే చిన్న త్రాసు కావాలి, వంటింటి త్రాసు పనికిరాదు. చెంచా బరువు చూడండి. తర్వాత గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. చెంచాని దారంతో వేలాడదీసి, అడుక్కీ పక్కలకీ తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు త్రాసు చూపించే అంకెతో చెంచా బరువుని భాగించండి. స్టెర్లింగ్ అయితే 10.3, 10.4 దగ్గర వస్తుంది. జర్మన్ సిల్వర్ అయితే 8.7 అటూ ఇటూ. గాలి బుడగలు అంటుకోకుండా చూసుకోండి, అంకె మారిపోతుంది.

హైదరాబాదీ_72
జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదా? మా మేనత్త పెళ్లిలో పెట్టిన సారె అంతా అదే!

కంసాలి_మనవడు
పిసరు కూడా ఉండదన్నా. రాగి, నికెలు, జింకు. పేరులో సిల్వర్ ఉంది, అంతే. కొత్తగా ఉన్నప్పుడు తళతళలాడుతుంది, గీస్తే పచ్చగా వస్తుంది.

సత్యవతి_కాకినాడ
పక్కింటి అబ్బాయి దగ్గర చిన్న త్రాసు దొరికింది. చెంచా 74.6 గ్రాములు. నీళ్లలో ముంచితే 7.2. భాగిస్తే 10.36. మా ఆయన ఇప్పుడు కంచం మాట ఎత్తట్లేదు!

పాతసామాను_ప్రేమి
కొట్టువాడు నలభై శాతం పోతుందన్న వెండి ఇది. 925 ఉన్నదానికి నలభై శాతం తరుగా? కరిగించే ఖర్చు, రీఫైనింగ్ తీసినా అంత పోదు. తిప్పి చూడకుండా చెప్పిన లెక్క అలాగే ఉంటుంది. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ముందు హాల్‌మార్కింగ్ సెంటర్‌లో ఎక్స్‌రే మిషన్ మీద శాతం చూపించి కాగితం తీసుకోండి. వస్తువు గీకరు, కొయ్యరు, నిమిషాల్లో అయిపోతుంది.

బర్మింగ్‌హామ్_బాబాయి
ట్రే సంగతి చూద్దాం. వెనక నాలుగు ముద్రలు అన్నారు, ఏమున్నాయి?

సత్యవతి_కాకినాడ
నాలుగు చిన్న డాళ్లు. ఒక్కోదానిలో ఒక్కో అక్షరం, బాగా అలంకారంగా ఉన్నాయి. ఈ, పీ, ఎన్, ఎస్. పక్కన చిన్న కిరీటం కూడా ఉంది. ఇది కూడా 1865దేనా?

బర్మింగ్‌హామ్_బాబాయి
ఇది చెప్పడానికి మనసు రావట్లేదు గానీ, ఈపీఎన్ఎస్ అంటే నికెల్ సిల్వర్ (పైన చెప్పిన జర్మన్ సిల్వరే) మీద కరెంటుతో ఎక్కించిన వెండి పూత. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్లు 1840లో దీనికి పేటెంటు తీసుకున్నాక ఊరూరా ఇవే. ఆ నాలుగు అక్షరాలూ నాలుగు డాళ్లలో గోతిక్ రాతలో వేసింది దూరం నుంచి హాల్‌మార్క్ లాగా కనపడటానికే. కిరీటం చూసి షెఫీల్డ్ వెండి అనుకోవద్దు. షెఫీల్డ్ ఆఫీసు గుర్తు కిరీటమే, 1773 నుంచి 1974 దాకా, నిజమే. కానీ దాని పక్కన సింహం ఉండాలి. సింహం లేని కిరీటానికి అర్థం లేదు. ట్రే అంచుల్లో, చేతులు తగిలి అరిగిన చోట రంగు ఎలా ఉంది?

సత్యవతి_కాకినాడ
మూలల్లో కాస్త పచ్చగా, పాత ఇత్తడి రంగులా.

గీటురాయి
అదే. అడుగున నికెల్ సిల్వర్ బయటపడింది. అదే గులాబీ రంగులో రాగి కనిపించి ఉంటే అసలు కథ వేరే. 1743లో షెఫీల్డ్‌లో థామస్ బౌల్సోవర్ కనిపెట్టిన పాత పద్ధతి ఉంది, రాగి రేకుకి వెండి రేకు వేడితో అతికించి సాగదీసేవాళ్లు. అలాంటిదైతే అది పూత అయినా విలువే, మళ్లీ పూత వేయిస్తే పాడైనట్టే.

నెల్లూరు_నాని
లంగరు గుర్తు ఏ ఊరిది బాబాయ్? మా దగ్గర ఒక చిన్న అగ్గిపెట్టె కవరు ఉంది, మీద లంగరు.

బర్మింగ్‌హామ్_బాబాయి
మా ఊరిదే! సముద్రం ఎక్కడో ఉంది, మా గుర్తేమో లంగరు. 1773కి ముందు ఇక్కడి పనివాళ్లు ముద్ర వేయించుకోవాలంటే చెస్టరుకో లండన్‌కో సరుకు పంపాలి. దారిలో దొంగలు, సొట్టలు. ఇక్కడి కార్ఖానా యజమాని మాథ్యూ బౌల్టన్ షెఫీల్డ్ వాళ్లతో కలిసి పార్లమెంటు చుట్టూ తిరిగి రెండు ఊళ్లకీ ఆఫీసులు తెప్పించాడు. వాళ్లు లండన్‌లో "క్రౌన్ అండ్ యాంకర్" అనే సత్రంలో కలుసుకునేవారని, బొమ్మా బొరుసూ వేసి లంగరు మేమూ కిరీటం వాళ్లూ పంచుకున్నామని ఇక్కడ చెప్పుకుంటారు. అగ్గిపెట్టె కవరు, చిన్న పెట్టెలు, గుండీలు, ఇలాంటి చిల్లర వెండి సామానుకి బర్మింగ్‌హామే రాజధాని. సింహం కూడా ఉంటే ఫోటో పెట్టు.

కంసాలి_మనవడు
అందరూ సీమ సింహాల గురించే మాట్లాడుతున్నారు, ఆ టీ పాట్ ఫోటో ఎవరైనా సరిగ్గా చూశారా? నాకు రాత్రి నిద్ర పట్టలేదు. పొట్ట చుట్టూ వరసగా దేవుళ్లు. నంది మీద శివుడు, వేణుగోపాలుడు, వినాయకుడు, ఒక్కొక్కరికీ వేరే మండపం, పైన తోరణం. వెనక నుంచి లక్క మీద పెట్టి ఉబ్బెత్తుగా లేపి, ముందు నుంచి సన్నటి ఉలితో కళ్లూ ముక్కూ తీర్చిన పని అది. వేణుగోపాలుడి వేళ్లు చూడండి, పిల్లనగ్రోవి మీద విడివిడిగా ఉన్నాయి, బియ్యపు గింజంత చోటులో! దీన్నా ఆయన కరిగిస్తానన్నది?

పాతసామాను_ప్రేమి
స్వామి పని! మద్రాసు స్వామి వెండి, ఇలా దేవుళ్ల బొమ్మలు చెక్కిన వెండికి ఆ పేరు. సత్యవతి గారూ, అడుగున పేరులో ఏ అక్షరాలు కనపడుతున్నాయి?

సత్యవతి_కాకినాడ
కొవ్వొత్తి పొగ ఉపాయం చేశాను. మొదట "పీ", తర్వాత చుక్క, గుండ్రటిది ఒకటి, ఆ పక్కనే రెండు "ఆర్"లు. మధ్యలో "అండ్" గుర్తు. తర్వాత "ఎస్" మాత్రం ఉంది, మిగతాది పోయింది. సింహం లేదు, రాణి లేదు, సంవత్సరం లేదు.

పాతసామాను_ప్రేమి
పీ. ఓర్ అండ్ సన్స్, మద్రాసు. మౌంట్ రోడ్డులో గడియారం ఉన్న పాత భవనం చూసే ఉంటారు, ఆ ఓర్ వాళ్లు. 1849 నుంచి ఉన్నారు, గడియారాలు, వెండి, నగలు. కాకినాడ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే కాబట్టి మీ ముత్తాతగారి దొరలు అక్కడ కొని ఉండటంలో వింతేమీ లేదు.

హైదరాబాదీ_72
మరి దాని మీద సింహం ఎందుకు లేదు? లేదంటే స్టెర్లింగ్ కాదనేగా?

పాతసామాను_ప్రేమి
కాదండి. బ్రిటిష్ కాలంలో మన దేశంలో వెండికి ముద్ర వేసే ప్రభుత్వ ఆఫీసే లేదు. మద్రాసు, కలకత్తాల్లో చేసిన వెండి మీద కంపెనీ తన పేరో పొడి అక్షరాలో కొట్టుకునేది. కలకత్తాలో హామిల్టన్ అండ్ కంపెనీ వాళ్లు తమ అక్షరాల పక్కన ఏనుగు బొమ్మ వేసేవారు. కొందరు సీమ ముద్రల్ని తలపించేలా సొంత బొమ్మలు కూడా వేసుకున్నారు. అందుకే ఇంగ్లిష్ ముద్రల పట్టికలో వెతికితే ఇవి దొరకవు, "నకిలీ" అని పక్కన పడేసేవాళ్లు చాలామంది. మన పాత వెండికి జరిగిన పెద్ద అన్యాయం ఇదే. కచ్ లో భుజ్ ఊరి ఊమర్సీ మావ్‌జీ "ఓ.ఎమ్." అని కొట్టేవాడు, దానికోసం ఇవాళ ప్రపంచమంతా వెతుకుతారు.

గీటురాయి
కాలం చెప్పగలమా? సంవత్సరం అక్షరం లేదుగా.

పాతసామాను_ప్రేమి
ఏడాది చెప్పలేం, కాలం చెప్పొచ్చు. వేల్స్ యువరాజు ఎడ్వర్డ్ 1875-76లో మన దేశం వచ్చి వెళ్లాక ఈ స్వామి పనికి సీమలో బాగా గిరాకీ పెరిగింది. ఇలాంటి టీ సెట్లు ఎక్కువగా ఆ తర్వాతి ముప్ఫై నలభై ఏళ్లవే. పాట్ ఆకారం, పిడి కూడా దానికి సరిపోతున్నాయి.

కంసాలి_మనవడు
ముద్ర ఓర్ వాళ్లదే, ఒప్పుకుంటా. కానీ ఆ వేళ్లు తీర్చిన చెయ్యి ఎవరిది? వాళ్ల పనిశాలలో కూర్చుని చేసింది మన కంసాలులే. ఒక్కడి పేరు లేదు. సీమలో జార్జ్ ఆడమ్స్ చెంచాకి కూడా తన అక్షరాలు కొట్టుకున్నాడు, మనవాడు వేణుగోపాలుణ్ణి చెక్కి కూడా కొట్టుకోలేదు. నాకు ఇది ఎప్పుడూ బాధే.

లెన్స్_రాజు
అన్నా, మన ఊళ్లలో చేసిన వెండి మీద ముద్ర ఎందుకుండదు? మా నాయనమ్మ మరచెంబు మీద చుక్కలు చుక్కలుగా "వె.సు." అని ఉంది. చేసినవాడి పేరు అనుకుంటున్నాం.

కంసాలి_మనవడు
అది చేసినవాడిది కాదు రాజూ, సొంతదారుది. మీ ముత్తాతల్లో ఇంటిపేరు "వె"తో మొదలయ్యేవాళ్లు ఉన్నారేమో చూడు. పెళ్లిలో పెట్టినప్పుడు చుక్కలతో పేరు కొట్టిస్తారు, కొన్నిసార్లు పక్కన తులాలు కూడా. చేసినవాడికి ముద్ర అక్కర్లేదు, ఎందుకంటే ఊళ్లో అందరికీ తెలుసు ఎవరు చేశారో. వెండి కూడా అతనిది కాదు. ఇంటివాళ్లే రూపాయి బిళ్లలు లెక్కపెట్టి ఇచ్చేవారు, వాళ్ల అరుగు మీదే కుంపటి పెట్టి వాళ్ల కళ్లముందే కరిగించి చేసేవారు. మా తాత చెప్పేవాడు, "యాభై రూపాయల చెంబు" అంటే ధర కాదు, యాభై రూపాయి బిళ్లలు పోసిన చెంబు అని.

గీటురాయి
దీంట్లో మంచి కిటుకు ఉంది. విక్టోరియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 12 పాళ్లకి 11, అంటే 91.7 శాతం. మీ చెంబు మిషన్ మీద పెడితే 91 దగ్గర వచ్చిందనుకోండి, రూపాయిలు కరిగించి చేసిందని చాలావరకు అనుకోవచ్చు. టంకం ఉన్న అతుకు దగ్గర తగ్గుతుంది, అందుకని నాలుగైదు చోట్ల చూపించండి. 1940 తర్వాత రూపాయిలో వెండి సగానికి తగ్గించారు, 1947లో పూర్తిగా తీసేశారు, కాబట్టి ఆ తర్వాతి వస్తువులకి ఈ లెక్క కుదరదు.

హైదరాబాదీ_72
ఇదేదో బాగుంది. మా నానమ్మ పాందాన్ ఎక్స్‌రే చేయిస్తే 82 వచ్చింది. కల్తీ అని ఇంట్లో అందరూ ఆ పాత సేటుని తిట్టుకున్నారు.

గీటురాయి
పాపం ఆ సేటు! అన్నా, మీది నిజాం ఇలాకా. నిజాం సొంత నాణెం హాలీ సిక్కా రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. మీ పాందాన్ హాలీ రూపాయిలదే కావచ్చు.

కంసాలి_మనవడు
అన్ని కేసుల్లో కాదు గీటురాయి గారూ. సాగదీసే పనికి, తీగ పనికి 82 వెండి పనికిరాదు, బిరుసుగా ఉండి పగులుతుంది. కరీంనగర్ తీగపని వాళ్లని అడగండి, దాదాపు మేలిమి వెండి కావాలంటారు, లేకపోతే వెంట్రుకంత తీగ తియ్యలేరు. కాబట్టి శుద్ధి చేసుకుని చేసినవాళ్లూ ఉన్నారు. పాందాన్ లాంటి మందపు పనికైతే మీరన్నది కుదురుతుంది.

హైదరాబాదీ_72
పాందాన్ మందంగానే ఉంది. నానమ్మకి ఫోన్ చేసి చెప్పాను, "నేను అప్పుడే చెప్పాను ఆయన నిజాయితీపరుడని" అంది. ముద్రల గురించి నేను మొదట అన్న మాట వేరు, ఇప్పుడు నేనే ఇంట్లో గిన్నెలన్నీ తిరగేసి చూస్తున్నాను.

సత్యవతి_కాకినాడ
డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఈ చర్చ చదివి టీ పాట్ తనకి కావాలంటున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు సూట్‌కేసులో పెట్టుకెళ్తాడట. ఇవ్వనా?

పాతసామాను_ప్రేమి
వద్దు! 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువు ఏదైనా పురావస్తువే. మనలాంటివాళ్లు దేశం దాటించకూడదు, ఇంట్లోదైనా సరే, తాతలదైనా సరే. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే వస్తువూ పోతుంది, కేసూ అవుతుంది. వందేళ్లు దాటలేదని ఎవరికైనా అనిపిస్తే పురావస్తు శాఖకి చూపించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకున్నాకే తీసుకెళ్లాలి. మీ చెంచాలు ఎలాగూ దాటాయి, సంవత్సరం వాటి మీదే రాసి ఉంది.

బర్మింగ్‌హామ్_బాబాయి
ఇంకోటి. టీ పాట్ పిడికి పైనా కిందా సన్నటి తెల్ల బిళ్లలు ఉన్నాయి ఫోటోలో. వేడి చేతికి తగలకుండా పెట్టేవారు. అవి ఏనుగు దంతం కావచ్చు. భూతద్దంతో చూస్తే దంతంలో ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే సన్నటి గీతలుంటాయి, ఎముకలో అయితే నల్లటి చుక్కలు, చిన్న గీట్లు. దంతం అయితే అమ్మడం కూడా మన దగ్గర నిషేధం. ఇంట్లో వాడుకోండి, జాగ్రత్తగా ఉంచుకోండి, దేశం మాత్రం దాటించొద్దు.

సత్యవతి_కాకినాడ
గీతలే కనిపిస్తున్నాయి, వల లాగా. సరే, తమ్ముడికి ఫోటోలు చాలు. వాడికి చెప్పేశాను, కాసేపు అలిగాడు, తర్వాత "అయితే సంక్రాంతికి అందులోనే టీ పొయ్యి" అన్నాడు. పాట్ నా దగ్గరే ఉంటుంది. చెంచాలు మేము ముగ్గురు అక్కచెల్లెళ్లం తలా రెండు తీసుకుంటున్నాం. ట్రే రోజూ వాడుకుంటాను, పూత పోతే పోయింది.

కంసాలి_మనవడు
అక్కా, టీ పొయ్యొచ్చు, కానీ ఎక్కువసేపు ఉంచొద్దు, వెంటనే కడిగి తుడిచెయ్యండి. రబ్బరు బ్యాండు వేసి కట్టొద్దు, న్యూస్ పేపర్లో చుట్టొద్దు, రెండూ నలుపెక్కిస్తాయి. నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. సొట్ట ఉన్నా ఎవరికీ ఇచ్చి తీయించొద్దు, నాకు ఫోటో పంపండి ముందు.

విశాఖ_వెంకట్
ఆలస్యంగా వచ్చాను. ఒక పాత సామాన్ల కొట్లో చిన్న పంచదార గిన్నె కొన్నాను. సింహం లేదు, డాలు లేదు. 800 అని అంకె, పక్కన నెలవంక, చిన్న కిరీటం. ఇది ఎక్కడిది? కొట్టువాడు టర్కీ సుల్తాన్‌ది అన్నాడు.

బర్మింగ్‌హామ్_బాబాయి
జర్మనీది వెంకట్. నెలవంక, కిరీటం అక్కడ 1888 నుంచి దేశమంతటికీ ఒకే గుర్తు, 800 అంటే వెయ్యికి 800 పాళ్లు వెండి. అంటే నికార్సైన జర్మన్ వెండి, కంసాలి మనవడు చెప్పిన జర్మన్ సిల్వర్ కాదు. పక్కన ఇంకో చిన్న బొమ్మో, అక్షరాలో ఉండాలి, చేసినవాడిది. రాజు చెప్పినట్టు టార్చి పక్క నుంచి వేసి తీసి పెట్టు.

విశాఖ_వెంకట్
ఉంది, చెట్టు లాంటిదేదో. సాయంత్రం పెడతాను.